వార్మింట్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి: దెబ్బ ఎక్కడ పడిందో మీ కంటికే కనబడాలి

“అన్నా, వార్మింట్ హంటింగ్‌కి ఏ గన్ తీసుకోమంటావ్?” అని అమెరికాలో ఉంటూ నాకు ఫోన్ చేసే మన కుర్రాళ్లు చాలామంది అప్పటికే ఏదో ఒక మోడల్‌కి ఫిక్సయిపోయి ఉంటారు. నేను ఊఁ అంటే చాలు, ఆ శనివారమే వెళ్లి తెచ్చేసుకుంటారు. అందుకే మోడల్ పేరు చెప్పనివ్వకుండా ముందు మూడు సంగతులు అడుగుతాను. కొట్టబోయేది దేన్ని? ఎంత దూరం నుంచి? ఒక్క పూటలో ఎన్ని రౌండ్లు కాలుస్తావు? మొదటి రెండింటికీ టకటకా జవాబు వస్తుంది. మూడోదానికి నీళ్లు నములుతారు. బ్యారెల్ (గొట్టం) ఎంత లావుండాలి, ఏ కార్ట్రిడ్జ్ (తూటా రకం) తీసుకోవాలి, చివరికి బరువెంత మోయాలి అనేవన్నీ తేలేది ఆ మూడోదాంతోనే.

వార్మింట్ అంటే పంటకో పచ్చికకో పశువులకో నష్టం చేసే జంతువు. సౌత్ డకోటా, వయోమింగ్, మోంటానా మైదానాల్లో ప్రెయిరీ డాగ్‌లు. పేరులో డాగ్ ఉన్నా అవి ఉడుత జాతివే. తూర్పు రాష్ట్రాల గడ్డి పొలాల్లో గ్రౌండ్‌హాగ్‌లు, అవీ ఉడుత జాతివే. తోడేలు జాతికి చెందిన కయోటీలైతే దాదాపు అన్నిచోట్లా. ప్రెయిరీ డాగ్ కాలనీ ఎదురుగా కూర్చుంటే ఒక్క ఉదయంలోనే వంద రౌండ్లు దాటిపోవచ్చు. గ్రౌండ్‌హాగ్ కోసం సాయంత్రమంతా కాపు కాస్తే రెండో మూడో కాలుస్తారు. కయోటీ కోసం పొద్దంతా తిరిగి ఒక్క షాట్ దొరికినా గొప్పే. ఈ మూడు పనులూ ఒకే రైఫిల్‌తో చేయొచ్చు గానీ, ఎక్కడో ఒకచోట రాజీ పడాలి.

ముందు కాగితాలు

రైఫిల్ కంటే ముందు మీ వీసా స్టేటస్ చూసుకోండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందులో మనవాళ్లకు పనికొచ్చేది ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది లేకుండా రేంజ్‌లో అద్దె గన్ పట్టుకున్నా చిక్కే. షాపులో నింపే ఫారం 4473లో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, పైగా తుపాకీ నేరాలు డిపోర్టేషన్ దాకా తీసుకెళ్తాయి. గ్రీన్ కార్డ్ ఉంటే ఫెడరల్ చట్టం తరఫున ఈ అడ్డు లేదు, రాష్ట్రం రూల్స్ మాత్రం విడిగా చూసుకోవాలి. మీకు గ్రీన్ కార్డ్ వచ్చి మీ ఆవిడో ఆయనో ఇంకా వీసా మీదే ఉంటే, తుపాకీ దాచే సేఫ్ తాళం ఎవరి చేతిలో ఉండాలో లాయర్‌ని అడిగి తెలుసుకోండి. ఇది అతిజాగ్రత్త కాదు.

జంతువు విషయంలోనూ అంతే. యూటా ప్రెయిరీ డాగ్‌కి ఫెడరల్ రక్షణ ఉంది, దాని జోలికి పోకూడదు. అంతరించే దశలో ఉన్న బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్‌కి ప్రెయిరీ డాగే ఆహారం. కాబట్టి వాటిని తిరిగి వదిలిన ప్రాంతాల్లో కాల్పులకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం బుల్లెట్లు వాడకూడదు. ఈ సీసం గొడవ రైఫిల్ ఎంపికను ఎలా మారుస్తుందో కాసేపట్లో చెబుతాను.

నా పరీక్ష ఒకటే

ట్రిగ్గర్ నొక్కాక, స్కోప్‌లోంచి కన్ను తీయకుండానే, బుల్లెట్ ఎక్కడ పడిందో మీకు కనబడాలి. వార్మింట్ రైఫిల్‌కి నేను పెట్టే పరీక్ష ఇదే. తగిలితే సరే. తప్పితే దుమ్ము ఏ పక్కన, ఎంత ఎడంగా లేచిందో చూసి వెంటనే రెండో షాట్ సరిచేసుకోవచ్చు. రైఫిల్ ఎగిరి స్కోప్‌లో ఆకాశం కనబడిందంటే ఆ సమాచారమంతా పోయినట్టే. ఇక పక్కన ఒకరు బైనాక్యులర్స్ పట్టుకుని “ఎడమకి, ఇంకాస్త ఎడమకి” అని చెబుతూ ఉండాలి.

దీని వెనకున్న లెక్క చూడండి. .223 రెమింగ్టన్ అనే కార్ట్రిడ్జ్‌లో 55 గ్రెయిన్ల (బుల్లెట్, పౌడర్ బరువులకు వాడే చిన్న కొలత) బుల్లెట్ సెకనుకు సుమారు 3,240 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 300 గజాలు చేరడానికి దానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే రైఫిల్ వెనక్కి తన్ని, మళ్లీ కుదురుకుని, జంతువు స్కోప్‌లోకి తిరిగి రావాలి. ఎనిమిది తొమ్మిది పౌండ్ల రైఫిల్‌లో .223 తన్ను శక్తి సుమారు 3 ఫుట్ పౌండ్లు, .22-250 అయితే 5 దాకా. .243 విన్‌చెస్టర్‌లో బరువు బుల్లెట్లు వాడితే అది 9 దగ్గరికి పోతుంది. భుజానికి మూడూ పెద్ద లెక్క కాదు, ఏదీ నొప్పి పెట్టదు. కానీ కంటికి మొదటిదానికీ చివరిదానికీ చాలా తేడా తెలుస్తుంది.

రైఫిల్ బోల్ట్ యాక్షన్‌దే, అంటే ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేదే చూడండి. ఎందుకంటే, పెట్టిన డబ్బుకు వచ్చే గురి అందులోనే ఎక్కువ. కాలిన తూటాల ఖాళీ తొడుగులు పొలమంతా చెల్లాచెదురు కావు. ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ తిప్పాల్సి రావడంతో మనం తొందరపడకుండా ఉంటాం, బ్యారెల్‌కీ కాస్త ఊపిరి తిరుగుతుంది.

కార్ట్రిడ్జ్

మొదటి రైఫిల్ అయితే .223 తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 1964లో వచ్చిన కార్ట్రిడ్జ్ ఇది, తూటాలు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఒక్కో రౌండ్‌లో 25 గ్రెయిన్ల చుట్టుపక్కల పౌడర్ మాత్రమే కాలుతుంది కాబట్టి బ్యారెల్ ఎక్కువ కాలం నిలుస్తుంది. 300 గజాల దాకా ప్రెయిరీ డాగ్‌కి, అంతకు కాస్త లోపల కయోటీకి చాలు. చౌకగా వస్తున్నాయని రాగి తొడుగున్న మిలిటరీ తరహా తూటాలు డబ్బాలకొద్దీ కొనకండి. అవి నేలకు తగిలి చితకవు, ఎగిరి ఎటో పోతాయి. వి-మ్యాక్స్ లాంటి ప్లాస్టిక్ మొన బుల్లెట్లు తగిలిన చోటే ముక్కలైపోతాయి. పశువులు మేసే నేల మీద ఈ తేడా చాలా ముఖ్యం. అవి వాడినా, జంతువు వెనకాల మట్టిగట్టు లేకపోతే మాత్రం ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఇంకో మాట: బ్యారెల్ మీద .223 అని మాత్రమే ఉంటే 5.56 నాటో తూటాలు అందులో వేయొద్దు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ 5.56 ఒత్తిడికి .223 ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కొలతలు సరిపోవు.

.22-250 రెమింగ్టన్ అదే 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని 3,680 అడుగుల వేగంతో తోస్తుంది. దూరం పెరిగినా బుల్లెట్ కిందికి తక్కువ జారుతుంది, గాలికి తక్కువ పక్కకు పోతుంది. ఎత్తు సరిచేసుకోకుండానే ఇంకొంత దూరం కొట్టొచ్చు. కానీ ఆ వేగం ఊరికే రాదు. అదే వెడల్పున్న గొట్టంలోంచి రౌండ్‌కి 35 గ్రెయిన్లకు పైగా పౌడర్ మండుతుంది. బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, ఛాంబర్ ముందున్న చోటు త్వరగా అరిగిపోతుంది. కయోటీ వేటగాడికి అది సమస్యే కాదు, ఏడాదికి కాల్చేది ఎన్ని గనక! కాలనీ ముందు కూర్చుని వందల రౌండ్లు కాల్చేవాడికి మాత్రం జేబులోంచి డబ్బు పోయే విషయం. సెకండ్ హ్యాండ్ .22-250 ఎంత తళతళలాడుతున్నా, బ్యారెల్ లోపల కెమెరాతో చూపించమని అడగండి. చూపించనంటే వదిలేయండి.

.204 రూగర్ అంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది, దాచడమెందుకు. 2004లో వచ్చింది. 32 గ్రెయిన్ల చిన్న బుల్లెట్, 4,225 అడుగుల వేగం, తన్ను దాదాపు లేదు. పైన చెప్పిన పరీక్షలో దీన్ని మించింది నా చేతిలోకి ఇంకా రాలేదు. ప్రెయిరీ డాగ్ మీద బుల్లెట్ పడటం సినిమాలా కనబడుతుంది. చిక్కల్లా తూటాలు ప్రతి షాపులోనూ దొరకకపోవడమే. చిన్న ఊళ్లో అయిపోతే ఆ రోజు వేట కూడా అయిపోయినట్టే.

.17 హెచ్ఎంఆర్ రిమ్‌ఫైర్, అంటే తూటా అంచు మీద కొడితే పేలే రకం. 17 గ్రెయిన్ల బుల్లెట్, 2,550 అడుగుల వేగం. 150 గజాల లోపు, గాలి లేని పొద్దున అది ముచ్చటైన తుపాకీ. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఉంటే 200 గజాల దగ్గర అడుగుకు పైగా పక్కకు పోతుంది. మైదానాల్లో గాలి లేని పూట దొరకడం ఎంత కష్టమో అక్కడ నిలబడితే గానీ తెలియదు. దీన్ని రెండో రైఫిల్‌గా ఉంచుకోండి. పెద్దది చల్లారేలోపు దగ్గరి వాటికి పనికొస్తుంది. .243 జింకలకూ కావాలనుకునేవాళ్లకు మంచిది, వార్మింట్‌కి మాత్రమే అయితే అక్కర్లేదు.

ట్విస్ట్: బ్యారెల్ మీదున్న చిన్న అంకె

షాపులో ఎవరూ చెప్పకపోయినా మీరు చూడాల్సిన అంకె ఇది. బ్యారెల్ లోపల మెలికలుగా ఉండే గాడులు ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. 1:12 అంటే 12 అంగుళాలకు ఒక చుట్టు. పొడవాటి బుల్లెట్ స్థిరంగా పోవాలంటే ఎక్కువ వేగంగా తిరగాలి, అంటే ఆ రెండో అంకె చిన్నదై ఉండాలి. .223లో 1:12 బ్యారెల్ 55 గ్రెయిన్ల దాకా బాగా పనిచేస్తుంది. 1:9 అయితే 69 గ్రెయిన్ల దాకా, 1:8 అయితే 77 దాకా దిగుల్లేదు. పాత .22-250 రైఫిళ్లు చాలావరకు 1:14తోనే వచ్చాయి. అవి తేలిక బుల్లెట్ల కోసమే.

ఇక్కడ చాలామంది బరువును చూస్తారు. నిజానికి ట్విస్ట్‌కి లెక్క బుల్లెట్ పొడవు. సీసం లేని బుల్లెట్లు రాగితోనో ఇతర లోహాలతోనో చేస్తారు. అవి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువు రావాలంటే బుల్లెట్ పొడుగవుతుంది. సీసంతో 55 గ్రెయిన్లు చక్కగా కొట్టే 1:12 బ్యారెల్, అదే బరువున్న రాగి బుల్లెట్‌ని సరిగ్గా తిప్పలేకపోవచ్చు. కాగితం టార్గెట్ మీద గుండ్రటి చిల్లికి బదులు తాళంచెవి రంధ్రంలా అడ్డంగా చిరిగిందంటే బుల్లెట్ పల్టీలు కొడుతూ పోయిందని అర్థం. కాలిఫోర్నియాలో ఉన్నా, ముందుముందు సీసం వదిలేయాలనుకున్నా 1:9 గానీ 1:8 గానీ ఉన్న .223 తీసుకోండి. 40, 50 గ్రెయిన్ల మామూలు బుల్లెట్లు కూడా అందులో బాగానే పోతాయి.

లావు బ్యారెల్ ఎవరికి?

మామూలు వేట రైఫిల్ బ్యారెల్ మూతి దగ్గర సుమారు 0.6 అంగుళం లావుంటుంది. వార్మింట్ బ్యారెల్ 0.8 దాటుతుంది. రెండూ గురిగా కొట్టగలవు. తేడా బయటపడేది వరసగా పది రౌండ్లు కాల్చాకే. సన్న బ్యారెల్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, దెబ్బలు మెల్లగా ఒక పక్కకు జరగడం మొదలవుతుంది. లావుది కూడా వేడెక్కుతుంది, కానీ ఆలస్యంగా. చల్లారడానికి కూడా ఎక్కువసేపు పడుతుందని ఎవరూ చెప్పరు. కాబట్టి ఎంత లావుదైనా మధ్యమధ్యలో బోల్ట్ తెరిచిపెట్టి ఆపాల్సిందే. కాలిన బ్యారెల్ మీంచి లేచే వేడిగాలి స్కోప్ ముందు ఎండమావిలా ఆడుతుంది, ప్రెయిరీ డాగ్ నీళ్లలో ఈదుతున్నట్టు కనబడుతుంది. స్కోప్ దగ్గర్నుంచి మూతి దాకా లాగి కట్టే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ ఒకటి అమ్ముతారు. చూడ్డానికి వెర్రిగా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది.

లావు బ్యారెల్ రైఫిల్ స్కోప్ లేకుండానే ఎనిమిదిన్నర నుంచి పది పౌండ్లు తూగుతుంది. ట్రక్కు పక్కన బెంచీ వేసుకుని కూర్చునేవారికి ఆ బరువు వరం, తన్నును మింగేస్తుంది. కయోటీ కోసం గుట్టలెక్కేవారికి అదే శిక్ష. తిరిగే వేట ఎక్కువైతే రూగర్ అమెరికన్ ప్రెడేటర్ లాంటి ఆరున్నర పౌండ్ల రైఫిల్ చూడండి. రెండు పనులూ ఉంటే నేను మధ్యరకం బ్యారెల్ వైపే మొగ్గుతాను, రౌండ్ల మధ్య ఆగే ఓపిక ఉందనుకుంటే.

షాపులో చేతికి తీసుకున్నాక

బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లో ఏమీ లేదని కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూడండి. అమ్మేవాడు ముందే చూశాడు కదా అని వదిలేయొద్దు. మూతి మనుషుల వైపు తిరగకూడదు.

జేబులోంచి ఒక డాలర్ నోటు తీసి బ్యారెల్ కింద, స్టాక్‌కీ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే భాగం) బ్యారెల్‌కీ మధ్య దూర్చి, మూతి వైపు నుంచి యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం) దాకా జరపండి. ఎక్కడా ఆగకుండా పోతే బ్యారెల్ స్టాక్‌ని తాకడం లేదన్నమాట. ఇప్పుడు స్టాక్ ముందు భాగాన్ని బెంచీ మీద ఆనించి, పైనుంచి కాస్త నొక్కుతూ నోటు మళ్లీ జరపండి. చౌక ప్లాస్టిక్ స్టాక్ అయితే ఇక్కడే దొరికిపోతుంది, వంగి బ్యారెల్‌కి తగిలి నోటు ఇరుక్కుంటుంది. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద పెట్టి కాల్చినప్పుడు జరిగేది అదే. ఒక్కోసారి ఒక్కోలా తగలడం వల్ల దెబ్బలు చెదురుతాయి. ఆ రైఫిల్ అక్కడే పెట్టేయొచ్చు, లేదా తర్వాత మంచి స్టాక్ వేయించే ఖర్చు కలుపుకుని లెక్క చూసుకోవచ్చు.

స్టాక్ ముందు భాగం అడుగున బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటే ఇసుక సంచి మీద రైఫిల్ పక్కకు దొర్లదు, తన్నినా తిన్నగా వెనక్కి వచ్చి తిన్నగా ముందుకు పోతుంది. కంటికి దెబ్బ కనబడాలంటే బరువు తర్వాత అన్నిటికంటే ఎక్కువ సాయం చేసేది ఇదే.

ట్రిగ్గర్ ఉత్తుత్తిగా నొక్కి చూడొచ్చా అని అడిగి, ఒప్పుకుంటేనే నొక్కండి. రెండు, మూడు పౌండ్ల మధ్య ఒత్తిడికి, జారుడు లేకుండా గాజు పుల్ల విరిగినట్టు తెగాలి. సావేజ్ కంపెనీ అక్యూట్రిగ్గర్ తెచ్చాక మిగతావాళ్లూ దారికొచ్చారు, ఇప్పుడు మామూలు ధరలో కూడా సర్దుకునే ట్రిగ్గర్ దొరుకుతుంది. టిక్కా ట్రిగ్గర్ ఫ్యాక్టరీ నుంచే అంత శుభ్రంగా వస్తుంది, దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టాలని నాకు అనిపించలేదు. బోల్ట్ హ్యాండిల్ ఎంత పైకి లేస్తుందో కూడా చూడండి. రెమింగ్టన్ 700లో 90 డిగ్రీలు, టిక్కా, రూగర్ అమెరికన్‌లలో 70. పెద్ద స్కోప్ బిగించాక వేళ్లు దానికి తగలకుండా బోల్ట్ తిప్పడానికి ఆ 20 డిగ్రీలు ఎంతో పనికొస్తాయి.

రెమింగ్టన్ 700, సావేజ్ 12, టిక్కా టీ3ఎక్స్ వార్మింట్, హోవా 1500. ఈ నాలుగింటిలో ఏది కొన్నా తప్పు కొన్నట్టు కాదు. ఏ కార్ట్రిడ్జ్, ఏ ట్విస్ట్, ఏ బరువు అని తేలాక వీటిలో మీ చెంప స్టాక్ మీద హాయిగా ఆని, కన్ను స్కోప్‌కి నేరుగా వచ్చేది ఏదో అదే మీది.

స్కోప్, ఆ తర్వాత తూటాలు

రైఫిల్‌కి పెట్టినంత డబ్బు స్కోప్‌కీ పెట్టండి. 4-16 పవర్, అంటే 4 నుంచి 16 రెట్లు పెద్దగా చూపేది, నాకు చాలు. 24 దాకా ఉన్నది కొన్నా, ఎండ ముదిరాక నేల వేడికి బొమ్మ ఆడుతుంటే మళ్లీ 12కే తగ్గిస్తారు. పవర్ ఎక్కువ పెట్టే కొద్దీ స్కోప్‌లో కనబడే మేర చిన్నదైపోతుంది, అంటే తన్నిన తర్వాత దెబ్బ ఫ్రేమ్‌లో ఉండే అవకాశం తగ్గుతుంది. పారలాక్స్ (కన్ను కదిలితే గురి గుర్తు జరిగినట్టు కనబడే లోపం) సర్దుకునే నాబ్ తప్పనిసరి. మిగతావి మీ ఇష్టం.

గురి ఎంత ఉండాలో లెక్క కట్టడం తేలికే. గురిని కొలిచే కోణం ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళం, 300 దగ్గర మూడు అంగుళాల పైచిలుకు. నిలబడ్డ ప్రెయిరీ డాగ్ వెడల్పు కూడా సుమారు అంతే. కాబట్టి ఐదు రౌండ్లూ 100 గజాల దగ్గర అంగుళంలో పడే రైఫిల్‌తో 300 దగ్గర గాలికి, మన వణుకుకు మిగిలేది ఏమీ ఉండదు. ముప్పావు అంగుళం కంటే లోపల పడేది కావాలి. ఒకే గురికి కాల్చిన మూడు రౌండ్ల గ్రూపు ఫొటో చూపించి మురిసిపోయేవాళ్లను నమ్మకండి, ఐదు కాల్చమనండి.

ఆ ముప్పావు అంగుళం చాలాసార్లు రైఫిల్ మార్చితే కాదు, తూటా మార్చితే వస్తుంది. ఒకే బ్యారెల్ ఒక కంపెనీ 50 గ్రెయిన్లను అతుక్కున్నట్టు వేసి, ఇంకో కంపెనీ 50 గ్రెయిన్లను చెదరగొడుతుంది. మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా కొని, రేంజ్‌లో ప్రతి రకానికీ బ్యారెల్ చల్లారనిచ్చి ఐదేసి రౌండ్ల గ్రూపులు రెండు కాల్చండి. ఏది బాగా పడిందో తేలగానే, డబ్బా మీద ముద్రించిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకుని, అదే లాట్‌వి ఆ సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయండి. లాట్ మారితే పౌడర్ మారొచ్చు, అప్పుడు జీరో (స్కోప్ గురి సర్దుబాటు) మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది.